పనిమనిషి పేరేమిటి?

పోయిన శీతాకాలంలో ఒక ఇంగ్లీషు ఆచార్యుడు జల్‌పల్లి చూడటానికి వచ్చాడు. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు. మంచివాడే. స్త్రీల సమస్యల మీద సదస్సులకి పిలిస్తే వస్తాడు, మనలాంటి పత్రికలకి చందా కడతాడు. పహాడీషరీఫ్ గుట్ట దాటి లోపలి గల్లీల్లోకి వచ్చేసరికి ప్లాస్టిక్ తుక్కు గోదాములు కనబడ్డాయి. రేకుల షెడ్ల ముందు గుట్టలుగా పోసిన సీసాలు, డబ్బాలు, కవర్లు. వాటి మధ్య గొంతుక్కూర్చుని రంగూ రకం చూసి వేరు చేస్తున్న ఆడవాళ్లు. నెత్తి మీదుగా శంషాబాద్‌లో దిగబోతున్న విమానం. ఆయన కాసేపు చూసి నిట్టూర్చాడు. "ఇదేనమ్మా అసలైన వేస్ట్ ల్యాండ్. ఎలియట్ ఇక్కడికి వచ్చి ఉండాల్సింది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అప్పుడేమీ అనలేదు, అతిథి కదా. ఇప్పుడంటున్నాను. ఆ ఆడవాళ్లు ఏ నాగరికత శిథిలానికీ ప్రతీకలు కారు. వాళ్లు కూలి చేసుకుంటున్నారు. సీసాని చేత్తో నలిపితే వచ్చే చప్పుడుని బట్టి, చిన్న ముక్క కాలిస్తే వచ్చే వాసనని బట్టి అది ఏ రకం ప్లాస్టికో చెప్పగలరు. ఆ నైపుణ్యానికి సర్టిఫికెట్ లేదు, ఆ పొగకి మాస్కు లేదు. చెయ్యి తెగితే పసుపు అద్దుకుని మళ్లీ కూర్చుంటారు. ఇంత కళ్లముందు కనబడుతుంటే ఆయనకి గుర్తొచ్చింది ఒక కవిత! పైగా ఆ కవితనైనా ఆయన సరిగా చదవలేదని నా అభియోగం.

రేషన్ కార్డుల గురించీ, గృహహింస కేసుల గురించీ రాయాల్సిన పేజీల్లో ఎలియట్ ఎందుకని కొందరు అడుగుతారని తెలుసు. మన సంఘాల్లో పెరిగిన పిల్లలు ఇవాళ డిగ్రీకి వెళుతున్నారు. వాళ్ల అమ్మలు కూలి డబ్బు దాచి కట్టిన ఫీజుతో వాళ్లు చదివే ఇంగ్లీషు పాఠాల్లో 'ఆధునికం' అంటే ఏమిటో, ఎవరు సృష్టించారో నిర్ణయమైపోయి ఉంటుంది. ఎలియట్, పౌండ్, జాయిస్, యేట్స్. తెలుగు తరగతికి వెళితే గురజాడ, కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ. ఈ జాబితాల్లో ఆడవాళ్లు విషాదానికి, సౌందర్యానికి, పతనానికి గుర్తులుగా దండిగా ఉంటారు. రాసినవాళ్లుగా మాత్రం ఒకరో ఇద్దరో. ఇది అమాయకంగా జరిగిన పొరపాటు కాదు.

1922లో వచ్చిన 'ద వేస్ట్ ల్యాండ్' నేను డిగ్రీలో చదివాను. రెండో భాగం చివర ఒక సారాదుకాణం ఘట్టం ఉంటుంది. అది వచ్చేసరికి మా అధ్యాపకుడు గొంతు సవరించుకుని, "ఇది మీరు ఇంట్లో చదువుకోండి, అంత ముఖ్యం కాదు" అని పేజీ తిప్పేశారు. ఇంటికి వెళ్లి చదివాను. లిల్ అనే ఆవిడ మొగుడు యుద్ధం నుంచి తిరిగొస్తున్నాడు. పళ్లు కట్టించుకోమని అతనిచ్చిన డబ్బు ఏం చేశావని స్నేహితురాలు నిలదీస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్లకే ముసలిదానిలా కనబడుతున్నావంటుంది. కడుపు పోగొట్టుకోవడానికి వేసుకున్న మాత్రల వల్ల అలా అయ్యానంటుంది లిల్. అప్పటికే ఐదుగురు పిల్లలు. చివరివాడి కాన్పులో చావు తప్పింది. ఏమీ కాదని మందులషాపువాడు చెప్పాడు. మొగుడు మాత్రం ఊరుకోడు. దుకాణం మూసేస్తున్నామని యజమాని అరుస్తుంటాడు. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు కవిత్వంలో అతి గొప్పదని పేరుపొందిన కవితలో గర్భస్రావపు మాత్రల గురించి ఆడవాళ్ల మాటలున్నాయి. మాకు చెప్పిన పాఠంలో అవి లేవు.

ఆచార్యుడు వచ్చి వెళ్లిన తర్వాతి ఆదివారం మా సంఘం గదిలో ఈ ఘట్టం చెప్పాను. పాఠంలా కాదు, కథలా. పదిహేనుమంది దాకా ఉన్నారు. సగం మంది షాహీన్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. మిగతావాళ్లు పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్లు. చెప్పడం అయ్యేలోపే చర్చ మొదలైపోయింది. "పండ్లకని ఇచ్చిన పైసలే మాత్రలకి పోయినయి. ఇంకేడికెల్లి తెస్తది?" అని ఒకామె లెక్క తేల్చేసింది. (నేనిన్నేళ్లలో చదివిన ఏ విమర్శకుడూ ఈ లెక్క వేయలేదు.) మందులషాపులో చీటీ లేకుండా మాత్రలిస్తే రక్తం ఆగక ఉస్మానియా ఆసుపత్రికి పరుగెత్తిన సంగతి ఇంకొకామె చెప్పింది. ఆ స్నేహితురాలి మీద అందరికీ కోపమే. "మొగోని తరఫున వకాల్తా పట్టుకొచ్చింది" అన్నారు.

అప్పుడు నేను చదువుకున్నదాన్ని కాబట్టి ఒక విశేషం చెప్పాను. ఆ మాటలు ఎలియట్ ఊహించినవి కావు. వాళ్లింట్లో పనిచేసే ఎలెన్ కెలాండ్ అనే పనిమనిషి చెప్పిన కబుర్ల నుంచి వచ్చాయి. ఆ సంగతి ఎలియటే ఒప్పుకున్నాడు. 1971లో ఆ కవిత చిత్తుప్రతి అచ్చయినప్పుడు ఇంకో సంగతి కూడా లోకానికి తెలిసింది. పిల్లలు వద్దనుకుంటే పెళ్లెందుకు చేసుకున్నావన్న అర్థం వచ్చే పాదం ఆయన భార్య వివియన్ సూచించింది. వివియన్‌ని 1938లో మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1947లో అక్కడే చనిపోయింది. కవిత అంకితమైంది ఎజ్రా పౌండ్‌కి.

గదిలో మూలన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న పెద్దామె తలెత్తి అడిగింది. "గామె పేరు పుస్తకం మీద ఏసిండ్రా?"

లేదన్నాను.

"మరి పైసలన్న ఇచ్చిండ్రా?"

ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని ఆధునికతావాదం చరిత్ర మొత్తం తిరగరాయొచ్చని నాకు ఆ రాత్రి అనిపించింది. ఎందుకంటే ఎలియట్ 1919లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం కవి తన వ్యక్తిత్వాన్ని వదిలించుకోవాలని బోధిస్తుంది. మన విశ్వవిద్యాలయాల్లో తరాల తరబడి దాన్ని బట్టీ పట్టించారు. వదిలించుకోవడానికి ముందు ఒక వ్యక్తిత్వం, దానికొక పేరు, ఆ పేరుకొక పరువు ఉన్నవాళ్లకి ఇది గొప్ప తపస్సే. ఎలెన్ కెలాండ్‌కి ఆ తపస్సు అక్కర్లేకపోయింది. ఆమెని అవతలివాళ్లే వదిలించుకున్నారు.

పనిమనిషిని పక్కన పెట్టినా, ఈ 'మగ' ఉద్యమాన్ని అచ్చువేసినదెవరు? 1915లో ఎలియట్ 'ప్రూఫ్రాక్' కవితని ప్రచురించిన 'పొయెట్రీ' పత్రిక షికాగోలో హారియట్ మన్రో స్థాపించి నడిపినది. 1917లో దాన్ని పుస్తకంగా తెచ్చిన 'ఈగోయిస్ట్' వెనక హారియట్ షా వీవర్ ఉంది. జాయిస్‌ని ఏళ్లతరబడి పోషించింది ఆమె డబ్బే. 'యులిసిస్'ని ధారావాహికగా వేసినందుకు 1921లో న్యూయార్క్ కోర్టులో జరిమానా కట్టింది 'లిటిల్ రివ్యూ' సంపాదకులు మార్గరెట్ ఆండర్సన్, జేన్ హీప్. 1922లో దాన్ని పారిస్‌లో పుస్తకంగా వేసే సాహసం చేసింది సిల్వియా బీచ్ అనే పుస్తకాల దుకాణం యజమానురాలు. 1923లో 'వేస్ట్ ల్యాండ్' లండన్ ముద్రణకి ఒక్కొక్క అక్షరం చేత్తో పేర్చింది వర్జీనియా ఉల్ఫ్. కరపత్రాలు అచ్చువేయించి, చందాలు వసూలు చేసి, పోస్టు స్టాంపులు అతికించి పత్రికలు నడిపిన మనకి ఈ పని ఏమిటో తెలుసు. దీన్ని 'సహకారం' అంటారు, 'సృష్టి' అనరు.

వర్జీనియా ఉల్ఫ్ పేరు వచ్చింది కాబట్టి మన వైపు కూడా ఒకసారి చూసుకుందాం. 1929 నాటి ఆమె పుస్తకం నుంచి 'సొంత గది, ఏడాదికి ఐదువందల పౌండ్లు' అన్న మాట మన శిక్షణా శిబిరాల్లో మంత్రంలా వల్లిస్తాం. ఆ ఐదువందల పౌండ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో ఎంతమంది గమనించారు? ఆ పుస్తకంలో కథ చెప్పే ఆమెకి అవి మేనత్త రాసిచ్చిన ఆస్తి. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీద నుంచి పడి చనిపోతుంది. బొంబాయిలో, మన గడ్డ మీద! సామ్రాజ్యం ఇచ్చిన వడ్డీతో తలుపు గడియ వేసుకున్న గది అది. ఇక ఉల్ఫ్ నిజజీవితంలోని గదులు ఊడ్చి వంట చేసింది నెల్లీ బాక్సల్. 1916 నుంచి 1934 దాకా చేసింది. ఆమెతో పడ్డ గొడవలతో ఉల్ఫ్ డైరీలు నిండిపోయి ఉన్నాయి. ఇదే ఉల్ఫ్ 1924 నాటి ఒక వ్యాసంలో 1910 డిసెంబరు ప్రాంతంలో మనిషి స్వభావం మారిపోయిందని, వంటమనిషి ప్రవర్తనలోనే ఆ మార్పు కనబడుతుందని రాసింది. (మన 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో వచ్చింది. పది నెలలు మనమే ముందు!) ఉల్ఫ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆమె లేకపోతే నేను ఈ వ్యాసం రాయలేను. కానీ గది అనగానే అది ఊడ్చేదెవరని అడగడం జల్‌పల్లిలో నేర్చుకున్నాను.

కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ ఈ విషయంలో ఇంకాస్త నిజాయితీపరురాలనిపిస్తుంది. 1922లోనే వచ్చిన ఆమె 'గార్డెన్ పార్టీ' కథలో పెద్దింట్లో విందు జరిగే రోజు దిగువ సందులో ఒక బండివాడు చచ్చిపోతాడు. విందు ఆగదు. సాయంత్రం మిగిలిన తినుబండారాలు బుట్టలో పెట్టి ఆ ఇంటికి పంపుతారు, కూతురు మోసుకెళుతుంది. విల్లాల్లో పనిచేసే మా సభ్యురాలొకామె ఈ కథ విని నవ్వింది. "మిగిలినయి ఇచ్చుడు ఒక్కటే గాదక్కా, డబ్బా కడిగి తెమ్మంటరు" అంది. ముప్ఫై నాలుగేళ్లకే క్షయతో పోయిన మాన్స్‌ఫీల్డ్ ఉంటే ఆ డబ్బాని కథలో పెట్టుకునేదే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఆధునికతావాదం ఎక్కడో లండన్, పారిస్ వ్యవహారం అనుకుంటే పొరపాటు. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాదుకి వచ్చాడు. 1924లో తన 'ఎ పాసేజ్ టు ఇండియా'ని అంకితమిచ్చిన సయ్యద్ రాస్ మసూద్ ఆనాడు నిజాం రాజ్యంలో విద్యాశాఖ అధిపతి. అంతకుముందే హైదరాబాదులో పుట్టిన ఒకమ్మాయి లండన్ వెళ్లి ఇంగ్లీషులో కవితలు రాసింది. 1879లో పుట్టిన సరోజినీ నాయుడు పదహారేళ్లప్పుడు ఇంగ్లండు వెళితే, ఎడ్మండ్ గాస్ అనే పెద్ద విమర్శకుడు ఆమె కవితలు చూసి ఇంగ్లీషు పిట్టల గురించీ చెట్ల గురించీ మానేసి మీ దేశపు రంగులూ వాసనలూ పట్టుకురమ్మన్నాడు. ఆ పిల్ల విన్నది. 1905లో 'ద గోల్డెన్ థ్రెషోల్డ్', 1912లో 'ద బర్డ్ ఆఫ్ టైమ్'. పల్లకీ బోయీలు, గాజులమ్మేవాళ్లు, హైదరాబాద్ బజార్లు. లండన్ మురిసిపోయింది. ఆమె మూడో సంపుటి 'ద బ్రోకెన్ వింగ్', ఎలియట్ మొదటి పుస్తకం రెండూ 1917లోనే వచ్చాయి. అప్పటికి ఫ్యాషన్ మారిపోయింది. రంగులూ వాసనలూ తెమ్మన్న లోకమే అవి పాతబడ్డాయంది. ఇవాళ్టి విమర్శకులు కూడా ఆమెని 'అలంకారప్రాయం' అని పక్కన పెడతారు. ఒక అమ్మాయిని అలంకారంగా ఉండమని చెప్పి, తర్వాత అలంకారంగా ఉన్నావని తీసిపారేయడం! ఇది మనకి బాగా తెలిసిన ఆటే. అదే 1917 డిసెంబరులో ఆమె మద్రాసులో మాంటేగు ఎదుట స్త్రీలకి ఓటుహక్కు కావాలని అడిగిన ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించింది. ఆధునికత అంటే అది కాకపోతే మరేమిటి?

అయినా సరోజినీదేవి కవితల్ని నేను వెనకేసుకురాను. పల్లకీ మోసేవాళ్లు అంత హాయిగా పాడరు, భుజాలు కాయలు కాస్తాయి. గాజులమ్మే చోట ఆమె చూసిన రంగుల వెనక వేడి లక్క మీద అద్దాలు అతికించే వేళ్లు కాలి ఉంటాయి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు కూలి రేటులో ఎంత కనబడుతుందో ఇంట్లో కూర్చుని రాళ్లు అతికించే ఆడవాళ్లని అడగాలి.

తెలుగు సంగతి ఇంకా విచిత్రం. 'తొలి ఆధునిక కథ' గురజాడ 'దిద్దుబాటు' అని దశాబ్దాలుగా పరీక్షల్లో రాస్తూ వచ్చాం. 1902 నవంబరులోనే 'హిందూసుందరి'లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథ వచ్చింది. ఆమె 1874లో పుట్టింది. పెళ్లయ్యాక తమ్ముడి చేయూతతో చదువుకుంది. కన్నబిడ్డల్ని పోగొట్టుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. 1905లో చనిపోయింది. ఎలియట్ కవితలో లిల్ వయసు కూడా దాటలేదు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పేరు అందరికీ తెలుసు. ఆమె పేరు కోసం స్త్రీవాదులు, మరికొందరు పరిశోధకులు పాత పత్రికల దుమ్ము దులపాల్సి వచ్చింది.

ఆమె కథలు తీసి చూపించినప్పుడు వచ్చిన జవాబేమిటి? అవి నీతిబోధలట, భాష వ్యావహారికం కాదట, కాబట్టి ఆధునికం కావట. భాష సంగతి ఒప్పుకుందాం. నీతిబోధ మాటకొస్తే 'దిద్దుబాటు' అన్న పేరుకి అర్థమేమిటి? సానింటికి వెళ్లే మొగుణ్ని చదువుకున్న భార్య కమలిని దిద్దుతుంది. 'ధనత్రయోదశి'లో పేదరికంలో దారితప్పిన భర్తని భార్య నిలబెడుతుంది. రెండు కథల్లోనూ మొగుణ్ని బాగుచేసే బాధ్యత పెళ్లాందే. ఇది స్త్రీవాదులుగా మనకి రెండింటిలోనూ ఇబ్బందే. ఒకటి ఆధునికం, ఇంకొకటి నీతిబోధ ఎలా అయింది? గురజాడ మీద నాకు గౌరవం ఉంది, ఆయన్ని దించి ఆమెని ఎక్కించే కుర్చీలాట మీద ఆసక్తి లేదు. నా తగాదా కొలబద్దతో. మగవాడు రాస్తే ప్రయోగం, ఆడది రాస్తే ప్రబోధం అనే కొలబద్దతో.

భావకవుల సంగతి త్వరగా దాటేస్తాను. ఊర్వశి కోసం ఏడవడం వాళ్ల సొంత వ్యవహారం. నండూరి ఎంకి మాత్రం పనిచేసుకునే పల్లెపిల్ల. ఎన్ని పాటల్లో వెతికినా ఆమెకి ఒళ్లునొప్పులు లేవు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'ని కొంపెల్ల జనార్దనరావుకి అంకితమిచ్చాడు. ఆ అంకిత గీతం మనలో చాలామందికి కంఠస్తం. జనార్దనరావు తోబుట్టువు చావలి బంగారమ్మ కూడా కవయిత్రి అని ఎంతమందికి తెలుసు? ఆమె కవిత ఒక్కటైనా ఎవరికి కంఠస్తం?

ఇంతవరకూ వేలు అవతలివాళ్ల వైపు చూపించాను. ఇక్కడ ఆగిపోతే ఆ బఠాణీల పెద్దామెకి అన్యాయం చేసినట్టే. ఎందుకంటే ఆమె ఆ రోజు ఇంకో మాట కూడా అంది. నేను పీహెచ్‌డీ కోసం తిరిగిన రోజుల్లో ఆమె నాకు రెండు మధ్యాహ్నాలు తన జీవితం చెప్పింది. టేపురికార్డరు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. సిద్ధాంత వ్యాసంలో ఆమె ఒక సంఖ్య. "ప్రతివాది నెంబరు పదిహేడు". ఆమె మాటలు మూడు పేజీలున్నాయి. వాటిలో ఒక వాక్యం చాలా సదస్సుల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. డాక్టరేట్ నాకొచ్చింది. "నా మాటలు గూడ రాస్కున్నవ్ గద బిడ్డా. నీ బుక్కు మీద ఎవల పేరున్నది?" అని ఆమె నవ్వుతూనే అడిగింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

గోప్యత కోసం అలా చేస్తామని మనకి తయారుగా ఒక జవాబుంది. నిజమే, హింస నుంచి పారిపోయి వచ్చిన స్త్రీ పేరు అచ్చు వేయకూడదు. కానీ మన నివేదికల్లో 'ఒక బాధితురాలు', 'ఒక మైనారిటీ మహిళ', 'కేస్ స్టడీ 4' అని రాసే ముందు ఎంతమందిని అడిగాం? నిధులిచ్చే సంస్థకి పంపే నివేదిక ముఖచిత్రం మీద ఆమె ఫొటో ఉంటుంది, లోపల పేరుండదు. మొహం చూపించి పేరు దాచడం ఏ గోప్యత? ఇంకో దారి ఉందని మన నగరంలోనే 1986లో స్త్రీశక్తి సంఘటన చూపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు ఆ మాటలు వాళ్ల వాళ్ల పేర్లతో, వాళ్ల గొంతులతోనే వచ్చాయి. చాకలి ఐలమ్మ అందులో ఐలమ్మే. ఆ పని జరిగిన ఊళ్లో ఉంటూ నేను నెంబరు పదిహేడు అని రాశాను.

అందుకని రెండు విషయాలు అడుగుతున్నాను. పాఠ్యప్రణాళిక కమిటీల్లో మన మిత్రులు చాలామంది ఉన్నారు. 'వేస్ట్ ల్యాండ్' తీసేయమని నేననడం లేదు, సారాదుకాణం పేజీ తిప్పేయకుండా చెప్పండి. ఆ పక్కనే ఎలెన్ కెలాండ్ ఎవరో, వివియన్‌కి ఏమైందో చెప్పండి. మాన్స్‌ఫీల్డ్ కథ ఉన్న పాఠంలో అచ్చమాంబ కథ పెట్టండి. ఇక సంస్థల్లో పనిచేసే మనం: నమోదు పత్రంలో ఇంకో గడి చేర్చాలి. 'మీ మాటలు అచ్చయితే మీ పేరు వేయాలా? వేస్తే ఏ పేరు?' అని. జవాబు ఆమెది. అచ్చయిన ప్రతి ఆమె చేతికి అందాలి. చదవడం రాకపోతే మనం వెళ్లి చదివి వినిపించాలి. ఆ మాటలకి డబ్బు వస్తే దాని లెక్క కూడా చెప్పాలి.

ఈ వ్యాసం పంపేముందు ఆ పెద్దామె దగ్గరికి వెళ్లి మొత్తం చదివి వినిపించాను. షెడ్డులో సంచీ మీద కూర్చుని విన్నది. విమానం వచ్చినప్పుడల్లా ఆగమని చెయ్యి చూపించింది, అది వెళ్లాక మళ్లీ చదవమంది. నీ పేరు వేయమంటావా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

"వద్దు బిడ్డా. మా పెద్దోనికి తెలిస్తె లొల్లి జేస్తడు. గామె పేరు మాత్రం ఎయ్యి. గా పనామె పేరు. ఏందన్నవ్?"

ఎలెన్ కెలాండ్ అన్నాను. ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది.